హీరో పరువుకు ఆడవాళ్ల దేహాలా?

గత ఏడాది వేసవి సెలవులకు ముందు, నేను పాఠం చెప్పే డిగ్రీ కళాశాలలో ఒక విద్యార్థిని రెండు వారాల పాటు తరగతికి రాలేదు. చరిత్ర చదివే అమ్మాయి. మాదిగ కుటుంబం నుంచి వచ్చింది. వాళ్ల ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. ఒక అగ్రహీరో కొత్త సినిమా చూసి, నాయికను వెంటపడి వేధించడాన్నే అందులో ప్రేమగా చూపారని ఇన్‌స్టాగ్రామ్‌లో నాలుగు వాక్యాలు రాయడమే ఆమె చేసిన నేరం. మర్నాటికల్లా ఆమె ముఖాన్ని మరెవరిదో నగ్నదేహానికి అతికించిన బొమ్మ ఆ హీరో అభిమానుల వాట్సాప్ గ్రూపులో తిరిగింది. దాని కింద మొదటి వ్యాఖ్య ఆమె ఒంటి గురించి, రెండోది ఆమె రిజర్వేషన్ గురించి. మూడో దాని నుంచి అన్నీ నవ్వుబొమ్మలే.

ఈ సంగతి నాకు ఎవరో చెప్పగా తెలియలేదు. ఆ గ్రూపులో నేనూ ఉన్నాను.

ఎందుకున్నానో చెప్పుకోవాలి. 1990లలో మా మాలపల్లె కుర్రాళ్లం పదిమందిమి ఆ కుటుంబపు హీరోకి వీరాభిమానులం. సినిమా విడుదలకు ముందురోజు రాత్రంతా మేలుకొని రంగుకాగితాల నక్షత్రాలు కత్తిరించి హాలు నిండా వేలాడదీసేవాళ్లం. కటౌట్ మెడలో దండ వేయడానికి వెదురు నిచ్చెన ఎక్కేది మేము. దండ పడ్డాక కింద నిలబడి ఫోటో దిగేది మాత్రం సంఘం అధ్యక్షుడు, హీరోగారి కులస్థుడు. ఆ ఫోటోల్లో ఒక్కదానిలోనూ మేం లేం. అయినా ఆ మూడు గంటల చీకట్లో ఊరి పెద్దరైతు కొడుకు పక్కన కూర్చుని ఈల వేయగలగడం మాకు చిన్న విషయమేమీ కాదు. ఎస్.వి. శ్రీనివాస్ తన 2009 నాటి ‘మెగాస్టార్’ గ్రంథంలో అభిమాన సంఘాల గురించి చేసిన పరిశీలన చదివినప్పుడు నా యవ్వనమే అచ్చులో కనిపించింది. ఆ సంఘాలు మగవాళ్లవి. వాటిలో పేదలు, కింది కులాల వాళ్లు గణనీయంగా ఉండేవారు. ఆ మమకారంతోనే, రెండేళ్ల కిందట పాత విద్యార్థులు గ్రూపులో చేర్చినప్పుడు నేను బయటికి రాలేదు.

ఆ రోజుల్లోనూ బూతు లేకపోలేదు. హాలు మరుగుదొడ్డి గోడల మీద బొగ్గుతో గీసిన నాయికల నగ్నచిత్రాలు మా తరం వాళ్లందరికీ గుర్తే. అవతలి హీరో తల్లి పేరుతో రాసిన మాటలూ గుర్తే. అయితే ఆ గోడను చూడాలంటే హాలుకు వెళ్లాలి. సున్నం కొడితే అది పోయేది. ఇప్పుడు అదే రాత అర్ధరాత్రి బెనిఫిట్ షో పూర్తికాకముందే వేలమంది చేతుల్లోకి వెళుతుంది. సున్నానికి లొంగదు.

రెండేళ్ల పాటు ఆ గ్రూపులో నేను గమనించిన విషయం ఒకటుంది. మన తెలుగు అగ్రహీరోలు కొద్ది కుటుంబాల నుంచి, ఆ కుటుంబాలు కొద్ది కులాల నుంచి వచ్చాయన్నది బహిరంగ రహస్యం. కనుక అభిమానుల పోరు చాలావరకు కమ్మ, కాపు కులాల పోరుగా, ఎన్నికలు దగ్గరపడితే పార్టీల పోరుగా మారిపోతుంది. ఇరుపక్షాలూ ఎదుటివాడికి ‘కులగజ్జి’ అంటగట్టుకుంటాయి. కానీ ఇంత పోరులో అవతలి హీరో నటనను తిట్టినవాడు నాకు తక్కువగానే కనిపించాడు. తిట్టేది అతని తల్లిని, భార్యను, ఇంకా బడి దాటని కూతురిని. మార్ఫింగ్ చేసేది వాళ్ల ఫోటోలనే. పోరులో ఎన్నడూ పాల్గొనని మనుషులు వాళ్లు.

దీన్ని కొందరు సభ్యత లోపమంటారు, ఇంకొందరు చవకైన ఇంటర్నెట్ మీదకు నెడతారు. నాకు ఆ రెండూ చాలవనిపిస్తుంది. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో అంబేద్కర్ కులానికి ప్రాణం స్వకుల వివాహంలో ఉందని చూపారు. సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం ఈ మూడూ ఆ కంచెను కాపాడుకోవడానికి స్త్రీ మీద మోపిన సాధనాలని ఆయన విశ్లేషణ. కులం తన సరిహద్దును స్త్రీ దేహం మీద గీసుకున్నప్పుడు, అవతలి కులాన్ని ఓడించదలచినవాడు ఆ దేహం మీదికే పోతాడు. హీరో కులానికి జెండా అయితే, అతని ఇంటి ఆడవాళ్లు ఆ జెండాను పాతిన నేల. మార్ఫింగ్ చేసే కుర్రాడు అంబేద్కర్‌ని చదివి ఉండడు. కానీ కులం ఎక్కడ నొప్పి పుడుతుందో అతనికి తెలుసు.

నా గ్రూపు సంగతి వదిలేసి అందరికీ తెలిసినవే చూద్దాం. 2020 జూన్‌లో నటి మీరా చోప్రా, అభిమానుల ప్రశ్నలకు జవాబిస్తూ, తాను ఫలానా హీరోకి అభిమానిని కానని, మరో హీరో అంటే ఇష్టమని అన్నది. అంతే. సామూహిక అత్యాచారం చేస్తామన్న బెదిరింపులు వచ్చాయి. ఆమె ఫిర్యాదుపై హైదరాబాద్ పోలీసులు కేసు నమోదు చేయాల్సి వచ్చింది. ఒక స్త్రీకి సొంత అభిరుచి ఉండటమే అక్కడ అవమానమైంది.

రష్మిక మందన్న ఉదంతం ఇంతకన్నా లోతైనది. 2023 నవంబరులో ఆమె ముఖాన్ని మరో యువతి దేహానికి అతికించిన డీప్‌ఫేక్ వీడియో దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసింది గుంటూరు ప్రాంతానికి చెందిన ఇంజినీరింగ్ పట్టభద్రుణ్ని. అతను ఆమె శత్రువు కాడు. ఆమె పేరున అభిమానుల పేజీ నడుపుతున్నవాడు. పేజీని అనుసరించేవారి సంఖ్య పెంచుకోవడానికే ఆ పని చేశాడని పోలీసులు చెప్పారు. ద్వేషించేవాడు, ఆరాధించేవాడు ఒకే పనిముట్టు అందుకుంటున్నారంటే ఆ ఆరాధన ఏ పాటిదో ఆలోచించాలి. ఇంకొక మాట. ఆ వీడియోలోని దేహం బ్రిటన్‌లో ఉండే భారతీయ సంతతి యువతిది. చర్చంతా రష్మిక ముఖం చుట్టూ తిరిగింది. తల తెగిన ఆ రెండో స్త్రీ గురించి మనం మాట్లాడింది తక్కువ.

ఇక హాస్యం. 2024 జులైలో ఒక తెలుగు యూట్యూబర్, అతని మిత్రులు కలిసి ఒక తండ్రీ చిన్నారి కూతురి వీడియోపై లైంగిక వ్యాఖ్యలు చేస్తూ పగలబడి నవ్వారు. నటుడు సాయి దుర్గా తేజ్ (మునుపు సాయి ధరమ్ తేజ్) దాన్ని ప్రభుత్వాల దృష్టికి తెచ్చాకే తెలంగాణ పోలీసులు కదిలి అతణ్ని బెంగళూరులో పట్టుకున్నారు. ‘డార్క్ కామెడీ’ అన్నది దానికి పెట్టుకున్న పేరు. మా గ్రూపులో దాని పేరు ‘సరదా’. ఈ సరదాలో వాడే తిట్లను ఒకసారి విడదీసి చూడండి. బోగం, దొమ్మరి. ఆటపాటలతో, గారడీతో పొట్టపోసుకున్న సమూహాల పేర్లు ఆడవాళ్లకు తిట్లుగా మిగిలాయి. కళను అనుభవించి, కళాకారిణి కులాన్ని బూతుగా మార్చుకున్న సంస్కృతి మనది. దేవదాసీ సంప్రదాయంలో పుట్టిన ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దిలో రాసిన ‘రాధికా సాంత్వనము’ను బెంగళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చువేయిస్తే, అది అశ్లీలమని మరుసటి ఏడాదే నిషేధించారు. నిషేధం తొలగడానికి 1947 రావాల్సి వచ్చింది. వీరేశలింగం అంతటివారు ఆ స్త్రీ రాతను తప్పుపట్టారు. స్త్రీ తన కోరికను తానే చెప్పుకుంటే అశ్లీలం. మగవాడు ఆమె ఒంటిని ఆమెకు తెలియకుండా పంచుకుంటే వినోదం. నగ్నత్వం మీద నాకు పేచీ లేదు. అది ఎవరి ఇష్టంతో జరిగిందన్నదే నా పేచీ.

ఆ అమ్మాయి బొమ్మ తయారుచేసింది ఎవరో తెలిసినప్పుడు నా తల వంగిపోయింది. మా మాలపల్లె కుర్రాడే. రిజర్వేషన్ వ్యాఖ్య రాసింది వేరొకడు, హీరోగారి కులస్థుడు. ఆ వ్యాఖ్య తనకూ తగులుతుందని తెలిసీ మావాడు దాని కింద నవ్వుబొమ్మ పెట్టాడు. పిలిపించి అడిగాను.

“సరదాకే సార్. నేను చెయ్యకపోతే ఇంకెవడో చేసేవాడు.”

“రిజర్వేషన్ అన్నమాటకు నవ్వావేంరా?”

చాలాసేపు మాట్లాడలేదు. “నవ్వకపోతే నన్నే అంటారు సార్” అన్నాడు చివరికి. అంతకుముందు అతణ్ని అన్నారు కూడా. ఆ మాటలు నేను చదివాను. చదివి ఊరుకున్నాను. తన మీద పడే నవ్వును తప్పించుకోవడానికి మరొకరి మీదికి మళ్లించడం అతను అక్కడే నేర్చుకున్నాడు. మళ్లించడానికి అతనికి దొరికింది తనకన్నా కింద ఉందనుకున్న కులంలోని ఆడపిల్ల. దీన్ని చెబితే అతని నేరం తగ్గదు. కానీ ఏప్రిల్ 14న వేదికలెక్కి స్త్రీ విముక్తి లేనిదే కుల నిర్మూలన లేదని ఉపన్యసించే నాలాంటి మగవాళ్లు ఈ కుర్రాడికి ఏం నేర్పారన్న ప్రశ్న నన్ను వదలలేదు. మాలా మాదిగల మధ్య వర్గీకరణపై గంటల తరబడి వాదించుకుంటాం. రెండు పక్షాల మగపిల్లల ఫోన్లలో ఏముందో అడగం.

అమ్మాయి తండ్రితో కలిసి పోలీసుస్టేషన్‌కు వెళ్లాను. ఐటీ చట్టంలో 67, 67ఏ సెక్షన్లున్నాయి. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం, ఎస్సీ, ఎస్టీలు కానివారు దళిత స్త్రీ అని తెలిసీ లైంగిక స్వభావం గల మాటలు, చేష్టలకు పాల్పడటం కూడా నేరమే. అక్కడి అధికారి ఇవేవీ తెరవకుండా, పెళ్లి కావాల్సిన పిల్ల, కేసు పెడితే ఆ బొమ్మ కోర్టు కాగితాల్లోకి ఎక్కుతుందని తండ్రికి నచ్చజెప్పాడు. తండ్రి నా వైపు చూశాడు. నేను వాదించాను గానీ ఆయన వెనక్కి వచ్చేశాడు. తప్పు చేసినవాడికి పరువు సమస్య రాలేదు. బొమ్మలో ఉన్న పిల్లకే వచ్చింది.

మిగిలింది కళాశాల అంతర్గత ఫిర్యాదుల కమిటీ. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ఉండి తీరాల్సిన ఆ కమిటీ మా దగ్గర నోటీసు బోర్డు మీద పేర్లుగా మాత్రమే ఉండేది. దాన్ని కూర్చోబెట్టడానికే తొమ్మిది రోజులు పట్టింది. విచారణ రోజు ఆ అమ్మాయి సభ్యుల ఎదుటే నన్నడిగింది.

“మీరూ ఆ గ్రూపులో ఉన్నారంట కదా సార్?”

ఉన్నానమ్మా అన్నాను. రెండేళ్లుగా అన్నాను. బొమ్మ వచ్చిన రాత్రి ఏం చేశారని అడిగింది. ఫోన్ పక్కన పెట్టి పడుకున్నాను, మర్నాడు సాయంత్రం గానీ ప్రిన్సిపాల్‌కు చెప్పలేదు. అదే చెప్పాను. సభ్యులు కాగితాలు సర్దుకున్నారు. ఆమె మాత్రం రాసుకుంది.

ఇద్దరు విద్యార్థులను నెల రోజులు సస్పెండ్ చేస్తామని కమిటీ అన్నది. ఆమె అడిగింది వేరు. తనకు విడిగా రాసిన క్షమాపణ పత్రం వద్దని, బొమ్మ పెట్టిన చోటే, నవ్వినవాళ్లందరికీ కనిపించేలా, తామేం చేశారో పేర్లతో సహా రాయాలని కోరింది. నవ్వుబొమ్మలు పెట్టినవాళ్లూ, చూసి ఊరుకున్నవాళ్లూ రాయాలంది. నేను ఆ సాయంత్రమే నా వంతు రాసి గ్రూపులో పెట్టాను. ఇరవై నిమిషాలకు అడ్మిన్ నన్ను తొలగించాడు. రాత్రికి గ్రూపునే రద్దుచేశారని తెలిసింది. మిగతావాళ్లు ఎక్కడ రాయాలన్న ప్రశ్న మీద కమిటీ రెండోసారి ఇంకా కూర్చోలేదు.