ఉపసంఘము: తొలి సమావేశము

శాసనసభ అనగానే మనకు స్ఫురించునది విశాలమైన మందిరము, ఎత్తైన పీఠముపై సభాపతి, ఎదురెదురుగా కూర్చుండి వాదించు సభ్యులు. ఫలానా బిల్లును సంఘమునకు నివేదించిరని పత్రికలో చదివినపుడు, ఇక అది అటకెక్కినదని తలచి పుట త్రిప్పివేయుదుము. నిజమునకు అసలు పని అప్పుడే ఆరంభమగును. వందలమంది కూడిన సభలో ఒక్కొక్క మాటను తూచి చూచుట సాధ్యము కాదు. ఆ పనిని సభ ఒక సంఘమునకు అప్పగించును. విషయము మరింత విస్తృతమైనచో, సంఘము తనలో కొందరిని ఏర్చి ఉపసంఘముగా నియమించును. అట్టి చిన్నసభ తొలినాడు తన వ్యవహారమును ఎట్లు చక్కబెట్టుకొనునో మనమిపుడు పరిశీలింతము.

మొదటి ప్రశ్న అధ్యక్షుడెవరన్నది. లోక్‌సభ నియమావళి ననుసరించి, సంఘాధ్యక్షుని సభ్యులలోనుండి సభాపతి నియమించును. ఉపసభాపతి ఆ సంఘములో సభ్యుడైనచో అధ్యక్షపదవి ఆయనదే. కొన్ని సభలలో సభ్యులే తమ అధ్యక్షుని ఎన్నుకొందురు. పద్ధతి ఏదైనను, అధ్యక్షుడు లేనిదే ఒక్క తీర్మానమైనను సాగదు. మాటాడుటకు వరుస నిచ్చువాడు, చర్చ దారితప్పినపుడు మరల్చువాడు ఆయనయే. ఓట్లు సమానముగా చీలినపుడు ఆయనకు రెండవ ఓటు కలదు.

రెండవది కోరము. లోక్‌సభ సంఘములలో మొత్తము సభ్యులలో మూడవవంతు హాజరు కావలెను. పదునైదుగురున్న సంఘములో అయిదుగురైనను లేనిచో అధ్యక్షుడు సమావేశమును నిలిపివేయును, లేదా వాయిదా వేయును. అనుమతి లేక వరుసగా రెండు సమావేశములకు రానివానిని తొలగింపుమని సభలో ప్రతిపాదింపవచ్చును. ఇవి పైకి చిల్లర నిబంధనలుగా తోచును. కాని ఇవి లేనిచో ఇద్దరు ముగ్గురు కూడి తమ అభీష్టమును సంఘము మాటగా చెలామణి చేయవచ్చును.

మూడవది పని పంపకము. మనకప్పగించిన విషయమేది, దాని ఎల్లలేవి, ఎవరి సాక్ష్యము వినవలెను, ఏ పత్రములు తెప్పింపవలెను, నివేదిక ఏనాటికి సిద్ధము కావలెను? తొలినాడే వీనిని తేల్చుకొనని సంఘము తుదినాడు తొట్రుపడును. ఈ సమావేశములు ఏకాంతముగా జరుగుట కూడ వాడుక. ప్రేక్షకులు లేనిచోట సభ్యుడు తన పొరపాటును ఒప్పుకొనుట, ఎదుటివాని యుక్తికి తలయొగ్గుట సులభము. బహిరంగసభలో అది అరుదు.

ఇందుకు మన చరిత్రలోనే ఒక ఉత్తమోదాహరణము కలదు. రాజ్యాంగ నిర్మాణ సభ 1947 జనవరి 24న ఒక సలహా సంఘమును ఏర్పరచినది. ఆ సంఘము ఫిబ్రవరి 27న సమావేశమై సర్దారు పటేలును అధ్యక్షునిగా ఎన్నుకొని, తన పనిని ఉపసంఘములకు పంచినది. వానిలో ప్రాథమిక హక్కుల ఉపసంఘమొకటి. అది అదేదినమున కూడి ఆచార్య కృపలానీని అధ్యక్షునిగా ఎన్నుకొన్నది. ఆయన అప్పుడు కాంగ్రెసు అధ్యక్షుడు. ఆ బల్లచుట్టు కూడినవారు మాత్రము ఒక్క గూటి పక్షులు కారు. కాంగ్రెసుతో ఏండ్లతరబడి పోరాడిన డాక్టరు అంబేద్కరు, ఆర్థికవేత్త కె.టి. షా, న్యాయవాది మున్షీ, మినూ మసానీ, రాజకుమారి అమృత్ కౌర్, హంసా మెహతా, నెల్లూరు సీమలో జన్మించిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు అందు సభ్యులు.

ఇంత భిన్నమైన మనస్సులతో పని ఎట్లు సాగినది? వారు వట్టివాదములతో ప్రొద్దుపుచ్చలేదు. అంబేద్కరు, మున్షీ, హర్నాం సింగు మొదలగువారు హక్కుల ముసాయిదాలను వ్రాసి సమర్పించిరి. అల్లాడివారు తమ అభిప్రాయపత్రమునిచ్చిరి. న్యాయస్థానము ద్వారా సాధించుకొనదగిన హక్కులేవి, ప్రభుత్వమునకు మార్గదర్శకములు కాదగినవేవి అని వారు ఆదిలోనే రెండు పాళ్ళుగా విభజించుకొనిరి. నేటి రాజ్యాంగములోని ప్రాథమిక హక్కులకు, ఆదేశిక సూత్రములకు గల భేదము ఆ విభజనతో ముడిపడియున్నది.

అల్పసంఖ్యాకుల మాట వృథా పోలేదు. మతాచరణ స్వేచ్ఛ నిరపేక్షమైనచో సతీనిషేధము, వితంతు వివాహము వంటి సంస్కరణ శాసనములకు చేటు వాటిల్లునని అమృత్ కౌర్ ఆక్షేపించినది. అల్లాడివారు ఆమెతో ఏకీభవించిరి. నేడు 25వ అధికరణము మతస్వేచ్ఛనిచ్చుచునే, సాంఘిక సంస్కరణకై శాసనము చేయు అధికారమును రాజ్యమునకు నిలిపియున్నది. ఉమ్మడి పౌరస్మృతిని హక్కులలో చేర్చకపోవుటపై ఆమెయు, హంసా మెహతా, మసానీయు భిన్నాభిప్రాయమును వ్రాతమూలముగా తెలిపిరి. అది ఆదేశిక సూత్రములలో 44వ అధికరణముగా చోటుచేసికొన్నది.

ఉపసంఘము తన నివేదికను 1947 ఏప్రిల్ 16న సమర్పించినది. రెండు నెలలైనను నిండలేదు. అయినను ఉపసంఘము మాటయే తుదిమాట కాలేదు. వయోజనులందరికి ఓటును అది ప్రాథమిక హక్కుగా ప్రతిపాదింపగా, సలహా సంఘము ఆ సూత్రమును అంగీకరించుచు, దానికి రాజ్యాంగములో వేరొకచోటు తగునని తలచినది. అది నేడు 326వ అధికరణము. ఉత్తరప్రత్యుత్తరముల గోప్యతను హక్కుగా కోరిన నిబంధన మాత్రము ఆ దశలో జారిపోయినది. లోక్‌సభ నియమావళియు ఇట్టిదే చెప్పుచున్నది: పూర్ణసంఘము సమావేశమై ఆమోదించిననే ఉపసంఘ నివేదిక సంఘ నివేదికగా చెల్లును.

కావున మన ఊరి సభలోగాని, సహకార సంఘములోగాని, ఉపసంఘమును నియమించితిమని విన్నపుడు మనము కొన్ని ప్రశ్నలు వేయుట మేలు. అధ్యక్షుడెవరు? ఎందరు వచ్చిరి? ఎవరి మాట వినిరి? ఒప్పుకొననివారి మాట పుస్తకమున కెక్కినదా? తుదకు ఎవరి ఆమోదము పొందినది? ఈ ప్రశ్నలకు తొలినాడే సమాధానము దొరకిన చోట, చిన్నగదిలో పుట్టిన నిర్ణయమునకైనను ప్రజల నమ్మకము లభించును. దొరకని చోట, పెద్దసభ ఎంత చప్పట్లు చరచినను అది కొందరి మాటగానే మిగులును.