మరమేకు దొరకని దేశము

1984వ సంవత్సరమున కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నగరమందు మెకింటోష్ కంప్యూటర్ల కొరకు ఆపిల్ సంస్థ నెలకొల్పిన కర్మాగారము, ఇరువదియేడు సెకనుల కొక యంత్రమును వెలువరించునని ప్రసిద్ధి కెక్కెను. గోడలకు తెలుపును, యంత్రములకు కాంతులీను వర్ణములను పట్టుబట్టి వేయించిన స్టీవ్ జాబ్స్ దానిని కళాఖండముగనే భావించెను. 1992లో అది మూతపడినది. 1996లో కొలరాడోలోని కర్మాగారమును గుత్తపని చేయు కంపెనీకి విక్రయించిరి. 1998లో సంస్థలో చేరిన టిమ్ కుక్, గిడ్డంగిలో నిలిచిన సరుకును విరిగిపోవు పాలవలె నెంచి, ఉత్పత్తిని క్రమముగా అన్యుల కప్పగించెను. అప్పటికి, టెలివిజను ఛానెళ్లు మార్చు ప్లాస్టిక్ మీటలతో 1974లో తైవానునందు టెర్రీ గౌ ఆరంభించిన ఫాక్స్‌కాన్, చైనాలోని షెన్‌జెన్ నగరమున వేళ్లూనియుండెను.

ఉత్పత్తి ఇట్లు చైనాకు వలసపోవుటకు చౌక కూలియే హేతువని చెప్పుట పరిపాటి. నాకది అర్ధసత్యముగా తోచును. అచ్చులు చెక్కువారు, గాజు కోయువారు, తీగచుట్టలు చుట్టువారు, మరమేకులు తీయువారు ఒకే ప్రాంతమున ఇరుగుపొరుగులై వసించునపుడు, రూపకర్త సాయంకాలము చేసిన మార్పు కొలది దినములలోనే నమూనాగా చేతికి వచ్చును. ఈ సౌకర్యమునకు వెల కట్టుట కష్టము. పైగా, ఒకే అల్యూమినియం దిమ్మను తొలిచి 2008లో మాక్‌బుక్ దేహమును మలచుట మొదలిడిన పిదప, ఆపిల్ తన ధనముతోనే తొలుపుడు యంత్రములను వేలకొలది కొని ఆ పరుల శాలలలో నెలకొల్పినది. ధనము అమెరికాది, నేర్పు మాత్రము అచ్చటి చేతులలో నింకినది. అమెరికాలో అచ్చుల నిపుణులను సమావేశపరచిన ఒక గది నిండునో లేదో యనియు, చైనాలోనైన క్రీడామైదానములు నిండుననియు టిమ్ కుక్ తానే 2017లో చైనాలోని గ్వాంగ్‌జౌలో అంగీకరించెను.

2013లో మాక్ ప్రో కంప్యూటరును టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరమున కూర్ప యత్నించినపుడు ఈ సంగతి బయటపడినది. అందు బిగింపవలసిన మరమేకులను (అవును, మరమేకులనే!) సరఫరా చేయు స్థానిక కార్ఖానా దినమునకు వేయికి మించి చేయలేకపోయెను. ఇట్టి చిక్కులు మరికొన్ని తోడై అమ్మకము నెలల తరబడి వెనుకబడగా, తుదకు మరమేకులు చైనానుండియే రావలసి వచ్చెను.

2022 నవంబరులో, చైనాలోని ఝెంగ్‌జౌనందలి ఫాక్స్‌కాన్ శాల కోవిడ్ కట్టడులచే కుంటుపడినపుడు, క్రొత్త ఐఫోనుల కొరకు అధికకాలము నిరీక్షింపవలసి యుండునని ఆపిల్ లోకమునకు ప్రకటించెను. పిమ్మట తమిళనాడులోని శ్రీపెరుంబుదూరున కూర్పుపని విస్తరించినది. హైదరాబాదు చెంతనున్న కొంగర కలాన్‌లోను ఫాక్స్‌కాన్ శాల వెలసినది. కూర్పుబల్లలు తరలివచ్చినంత వడిగా అచ్చులు చెక్కువారు మాత్రము తరలి రాలేదు.