మీకు తెలుసా? లేటెక్స్ పరుపుకు బద్దల మంచం
తొండూరు, పులివెందుల వైపు ఎండాకాలంలో నులక మంచం మీద హాయిగా నిద్ర పట్టేది కింది నుంచి కూడా గాలి ఆడుతుంది కాబట్టే. లేటెక్స్ పరుపుకూ ఆ గాలి కావాలి. 1929లో ఇంగ్లండులో డన్‌లప్ కంపెనీవాళ్లు రబ్బరు పాలను గిలక్కొట్టి, నురగ తేల్చి తయారుచేసిన సరుకు ఇది. మంచి బరువు, నులక మీద పరిస్తే నడుమ గుంట పడుతుంది. ప్లైవుడ్ పలక మీదైతే అడుగున చెమ్మ చేరి బూజు పట్టొచ్చు. అందుకే చెక్క బద్దల మంచమే మేలు. బద్దల మధ్య సందు మాత్రం 3 అంగుళాలు మించనివ్వకండి, పరుపు అందులోకి దిగి పాడవుతుంది. డబుల్ కాట్‌కు నడిమధ్య ఒక దూలం, దానికి నేలను తాకే కాలు తప్పక పెట్టించండి. ఇంట్లో ఉన్నది ప్లైవుడ్ మంచమే అయితే, వడ్రంగిని పిలిచి పలకకు వరుసగా బెజ్జాలు వేయించినా కొంత గాలి ఆడుతుంది.