ట్రాక్టరు గేరు నిష్పత్తుల గుర్తింపు – సాగు సిఫారసులలో దాని ఆవశ్యకత

ట్రాక్టరుతో కలుపు మందు పిచికారీ చేసేటప్పుడు, విత్తనం వేసేటప్పుడు, రోటవేటరు నడిపేటప్పుడు ఎంత వేగం పాటించాలని రైతు అడిగితే ‘లో-2 గేరులో నడపండి’ అన్న సమాధానమే తరచుగా వినిపిస్తుంది. ఈ సూచన పరీక్ష జరిపిన ట్రాక్టరు వరకే వర్తిస్తుంది. వేర్వేరు నమూనాలలో లో-2 గేరు ఒకే వేగాన్ని ఇస్తుందన్న నియమం లేదు. ఒకే నమూనాలో కూడా టైరు కొలత మారితే వేగం మారుతుంది. గేరు సంఖ్య లివరు స్థానాన్ని మాత్రమే తెలుపుతుంది. ఇంజను వేగం స్థిరంగా ఉన్నప్పుడు ట్రాక్టరు వేగాన్ని నిర్ణయించేవి మొత్తం గేరు నిష్పత్తి, టైరు చుట్టుకొలత, చక్రం జారుడు. కనుక ఈ నిష్పత్తిని క్షేత్రస్థాయిలో గుర్తించే విధానం విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు తెలిసి ఉండడం అవసరం.

నిష్పత్తి ఏర్పడే విధానం

ఇంజను శక్తి క్లచ్ ద్వారా గేరుబాక్సుకు, అక్కడి నుండి పినియన్, క్రౌన్ వీల్ ద్వారా డిఫరెన్షియల్‌కు, ఆపై ఫైనల్ డ్రైవ్ మీదుగా వెనుక చక్రాలకు చేరుతుంది. ఏ జతలోనైనా నడపబడే గేరు పళ్ళ సంఖ్యను నడిపే గేరు పళ్ళ సంఖ్యతో భాగిస్తే ఆ జత నిష్పత్తి లభిస్తుంది. లెక్క సౌలభ్యం కోసం పినియన్‌కు 9, క్రౌన్ వీల్‌కు 36 పళ్ళు ఉన్నాయనుకుంటే నిష్పత్తి 4 అవుతుంది. గేరుబాక్సు నిష్పత్తి 7.5, ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి 5 అయితే మొత్తం నిష్పత్తి 7.5 × 4 × 5 = 150. అనగా చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజను 150 చుట్లు తిరగాలి.

విప్పకుండా గుర్తించే పద్ధతి

వెనుక చక్రంపై సుద్దముక్కతో స్పష్టమైన గుర్తు పెట్టాలి. సమతలమైన నేలపై, తిన్నని బాటలో, ఇంజను వేగాన్ని స్థిరంగా ఉంచి ట్రాక్టరును నడపాలి. చక్రం 10 చుట్లు తిరగడానికి పట్టిన కాలాన్ని నమోదు చేయాలి. దూరంగా నిలిచి సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తే లెక్క తప్పదు, ప్రమాదమూ ఉండదు. ఇంజను 1800 ఆర్.పి.ఎం. వద్ద ఉండగా 10 చుట్లకు 50 సెకన్లు పడితే చక్రం నిమిషానికి 12 చుట్లు తిరిగినట్లు. 1800ను 12తో భాగిస్తే మొత్తం నిష్పత్తి 150 అని తెలుస్తుంది. డ్యాష్‌బోర్డు మీటరు నమ్మదగినది కానప్పుడు ఇంజను వేగాన్ని టాకోమీటరుతో కొలవాలి.

ఈ పద్ధతిలో చక్రం జారుడు ఫలితాన్ని మార్చదు. జారినా, జారకపోయినా ఇంజను చుట్లకు, చక్రం చుట్లకు మధ్య సంబంధం గేర్ల పళ్ళతో స్థిరపడి ఉంటుంది. మలుపులో మాత్రం డిఫరెన్షియల్ కారణంగా బయటి చక్రం ఎక్కువగా, లోపలి చక్రం తక్కువగా తిరుగుతాయి. అందువల్ల తిన్నని బాట తప్పనిసరి.

అదే 10 చుట్లలో ట్రాక్టరు సాగిన దూరాన్ని కూడా కొలిస్తే జారుడు తెలుస్తుంది. గట్టి బాటపై 40 మీటర్లు, దున్నిన పొలంలో 36 మీటర్లు వస్తే జారుడు 10 శాతం.

డిఫరెన్షియల్ భాగాన్ని వేరుచేయడం

పై కొలత మూడు దశల లబ్ధాన్ని మాత్రమే ఇస్తుంది. జీపులు, సరుకు రవాణా వాహనాల వంటి ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటకు కనిపించే వాటిలో డిఫరెన్షియల్ నిష్పత్తిని విడిగా కనుగొనవచ్చు. ఇంజను ఆపి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, నేలపై ఉండే చక్రాలకు అడ్డుకట్టలు వేసి, ఒక వెనుక చక్రాన్ని జాకీతో లేపి స్టాండుపై నిలపాలి. లేపిన చక్రాన్ని చేతితో సరిగ్గా రెండు చుట్లు తిప్పి, షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించాలి. ఆ సంఖ్యే డిఫరెన్షియల్ నిష్పత్తి. రెండవ చక్రం కదలనప్పుడు లేపిన చక్రం క్రౌన్ వీల్ కంటే రెట్టింపు తిరుగుతుంది కాబట్టి ఒక చుట్టుకు బదులు రెండు చుట్లు తిప్పాలి. ఒక చక్రం గాలిలో ఉండగా ఇంజను నడిపి గేరు వేయడం ప్రాణాపాయకరం. నేలపై ఉన్న చక్రం కదిలి వాహనం స్టాండుపై నుండి జారిపడవచ్చు.

ట్రాక్టరులో ఈ భాగాలు హౌసింగ్ లోపల ఉంటాయి. మరమ్మతుకు విప్పినప్పుడే పళ్ళను లెక్కించి రాసిపెట్టుకోవాలి. విప్పకుండానే మరొక ఆధారం కూడా ఉంది. ఒక గేరు మొత్తం నిష్పత్తిని మరొక గేరు మొత్తం నిష్పత్తితో భాగిస్తే ఉమ్మడి దశలు కొట్టుకుపోయి, గేరుబాక్సులోని తేడా మాత్రమే మిగులుతుంది. మరమ్మతు తర్వాత అన్ని గేర్లలోనూ నిష్పత్తి ఒకే పాళ్ళలో మారితే క్రౌన్-పినియన్, ఫైనల్ డ్రైవ్ లేదా గేర్లన్నింటికీ ఉమ్మడిగా ఉండే జత మారిందని గ్రహించాలి. ఒక గేరులోనే తేడా కనిపిస్తే ఆ గేరు జతను అనుమానించాలి. సెకండ్‌హ్యాండ్ ట్రాక్టరు కొనే రైతుకు ఈ పరీక్ష ఎంతో ఉపయోగకరం.

మందు మోతాదుపై ప్రభావం

పి.టి.ఓ.తో నడిచే బూమ్ స్ప్రేయరులో పంపు ఒత్తిడి కోసం ఇంజను వేగాన్ని స్థిరంగా ఉంచవలసి ఉంటుంది. అప్పుడు ట్రాక్టరు వేగాన్ని మార్చే సాధనం గేరు ఒక్కటే. నాజిల్ నిమిషానికి 1.2 లీటర్లు వదులుతూ, నాజిళ్ళ మధ్య దూరం 0.5 మీటరు ఉందనుకుందాం. టైరు చుట్టుకొలత 4 మీటర్లు, మొత్తం నిష్పత్తి 150 అయితే 1800 ఆర్.పి.ఎం. వద్ద వేగం గంటకు 2.88 కి.మీ., ఎకరాకు పడే ద్రావణం సుమారు 202 లీటర్లు. అదే పేరు గల గేరులో నిష్పత్తి 120 ఉన్న మరో ట్రాక్టరు గంటకు 3.6 కి.మీ. వేగంతో సాగుతుంది. ఎకరాకు 162 లీటర్లే పడతాయి. ట్యాంకులో మందు సరైన పాళ్ళలో కలిపినా పొలానికి అందేది ఐదో వంతు తక్కువ. నిష్పత్తి 180 అయితే ఐదో వంతు ఎక్కువ.

ప్రత్తి, వేరుశనగలలో విత్తిన వెంటనే వాడే పెండిమిథాలిన్ వంటి మందులకు ఈ తేడా ఉపేక్షించదగినది కాదు. మోతాదు తగ్గితే కలుపు మిగిలి కూలీల ఖర్చు రైతుపై పడుతుంది. పెరిగితే పైరుకు హాని కలిగే అవకాశం ఉంది. ఆ వైఫల్యానికి కారణం గేరు నిష్పత్తే అయినా నింద మందు మీదికో, సిఫారసు మీదికో వెళుతుంది. రోటవేటరులో కూడా రోటరు వేగం స్థిరంగా ఉండగా ట్రాక్టరు వేగం పెరిగితే ఒక్కో బ్లేడు కోసే మట్టి పొడవు పెరిగి దుక్కి ముతకబారుతుంది.

సూచనలు

నిష్పత్తి వివరాలు తయారీదారుల మాన్యువల్‌లో లభిస్తాయి. మధ్యప్రదేశ్‌లోని బుద్ని, అనంతపురం జిల్లా గార్లదిన్నెలలో గల కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలు వెలువరించే ట్రాక్టరు పరీక్షా నివేదికలలో కూడా, ప్రతి గేరులో చక్రం ఒక చుట్టుకు ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతుందో చూడవచ్చు. వీటిని క్షేత్ర కొలతతో సరిపోల్చుకోవాలి.

ప్రయోగ ఫలితాలను ప్రచురించేటప్పుడు గేరు సంఖ్యకు తోడుగా వాస్తవ వేగం, ఇంజను ఆర్.పి.ఎం., టైరు కొలత, జారుడు శాతం తప్పక పేర్కొనాలి. రైతులకిచ్చే కరపత్రాలలో గంటకు కిలోమీటర్లతో పాటు ‘50 మీటర్లు ఇన్ని సెకన్లలో’ అని తెలిపితే ఆచరణ సులభమవుతుంది. గంటకు 2.88 కి.మీ. వేగానికి అది సుమారు 62 సెకన్లు. శిక్షణా తరగతులకు వచ్చే ప్రతి ట్రాక్టరుకు గేర్లవారీగా నిష్పత్తి, వేగాల పట్టికను రాయించి మడ్‌గార్డు లోపలి వైపు అతికిస్తే, సిఫారసు చేసిన మోతాదు పొలానికి సక్రమంగా చేరడానికి తోడ్పడుతుంది.