భక్తి చలనచిత్రములు – ఇంటివారును పొరుగువారును



ఒక మతమువారు తమ దైవమును గుఱించియో, తమ భక్తులను గుఱించియో తీసికొన్న చలనచిత్రమును చూచి ఆ మతమువారు ఆనందించుట వింత కాదు. తల్లి తన బిడ్డను చూచి మురియుటవంటి దది. కాని అదే చిత్రమును చూచి పొరుగుమతమువాడు కంట తడి పెట్టుకొనుటకు కారణమేమి? ఆ కన్నీటికి అర్థమేమి? ఈ ప్రశ్న పండితగోష్ఠులకు మాత్రమే చెందినది కాదు. గుడియు, మసీదును, చర్చియు ఒకే ఊరిలో నున్న మన గ్రామములందు, బడిముంగిట తెర కట్టుకొందుమని యనుమతి యడుగ వచ్చినవారికి బదులు చెప్పవలసిన పెద్దలు మీరే. కావున ఈ విషయమును కొంత విచారించుట యుక్తము.

మన దేశమున చలనచిత్రము పుట్టుటయే ఈ ప్రశ్నతో ముడివడి యున్నది. 1911 ప్రాంతమున బొంబాయిలో దాదాసాహేబు ఫాల్కే యను మహారాష్ట్రుడు క్రీస్తు చరిత్రమును చూపు మూగచిత్రము నొకదానిని చూచెను. ఆయన క్రైస్తవుడు కాడు. పిమ్మట ఆ మతమున చేరినవాడును కాడు. తెరపై క్రీస్తు కదలుచుండగా ఆయన మనోనేత్రమునకు శ్రీకృష్ణుడు, శ్రీరాముడు, గోకులము, అయోధ్య గోచరించినట్లు తరువాత తానే వ్రాసికొనెను. దాని ఫలముగా 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ వెలువడెను. పరమతచిత్రము ఆయనను స్వమతమునుండి తొలగింపలేదు. స్వమతకథనే క్రొత్తగా చూచు కన్ను నిచ్చెను. ఈ సంగతిని మనసున నుంచుకొన్నచో ముందు చెప్పబోవునది సులభముగా తెలియగలదు.

ఇక మన జిల్లా మాట. తెలుగునాట నాటకమును ఊరూర త్రిప్పిన సురభివారి తొలి ప్రదర్శనము 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామముననే జరిగినది. వారు తోలుబొమ్మలాటలో నారితేరిన కుటుంబములవారు. 1932లో హెచ్. ఎమ్. రెడ్డిగారు ‘భక్త ప్రహ్లాద’ టాకీని తీసినపుడు అందు సురభి నటులును నటించిరి; లీలావతి వేషము సురభి కమలాబాయిది. ఈ విధముగా భక్తికథ బొమ్మలాటనుండి రంగస్థలమునకును, రంగస్థలమునుండి తెరకును చేరినది. సంతలలోను, జాతరలలోను ఆడిన యా ఆటలకు వచ్చినవాని మతమేదని యడిగినవారు లేరు. వినోదమునకై వచ్చినవాడును, పుణ్యమునకై వచ్చినవాడును ఒకే చాపమీద కూర్చుండిరి.

పులివెందుల తాలూకా కొత్తపల్లెలో 1908లో జన్మించిన బి. ఎన్. రెడ్డిగారు మదరాసున వాహినీ సంస్థ పక్షమున 1939లో ‘వందేమాతరం’, 1940లో ‘సుమంగళి’, 1941లో ‘దేవత’ తీసిరి. మూడును సాంఘిక కథలే. భారతదేశమున చలనచిత్రరంగమునకు సంబంధించిన అత్యున్నత పురస్కారము ఆ ఫాల్కే పేరిటనే వెలసినది. 1974వ సంవత్సరమునకు అది బి. ఎన్. రెడ్డిగారికి లభించినది. అట్టి సంస్థ భక్తికథకు పూనుకొన్నప్పుడు దర్శకుడుగా నిలిచినవారు మన పెన్నకు ఎగువనున్న తాడిపత్రివారగు కె. వి. రెడ్డిగారు. 1943లో ‘భక్త పోతన’, 1947లో ‘యోగి వేమన’ వెలువడెను. రెండింటను ప్రధానపాత్రధారి చిత్తూరు వి. నాగయ్యగారు. నడుమ 1946లో ఆయనయే దర్శకత్వమును వహించి ‘త్యాగయ్య’ను తీసిరి.

ఈ చిత్రములు పరులనుగూడ ఆకర్షించుటకు మూలము కథను పట్టిన తీరులో నున్నది. పోతన ఒంటిమిట్టవాడా, ఓరుగల్లువాడా యను వాదము పండితులలో ఇంకను తీఱలేదు. కాని భాగవతమును రాజునకు అంకితమీయ నొల్లక, నాగలి పట్టి బ్రతికెదనన్న కవి కథ ఏ ఊరివానికైనను తెలియును. ఆ నిరాకరణము వైష్ణవునికి భక్తి. ఏ మతమునకు చెందిన రైతునకైనను అది ఆత్మాభిమానము. వేమన కథ యింకను దగ్గఱిది. ఆ చిత్రమున అతడు మొదటినుండి యోగి కాడు. భోగములకు లోబడినవాడు, బంగారము చేయు విద్యకై తిరిగినవాడు. తాను ప్రాణముగా చూచుకొన్న అన్నకూతురు కన్నుమూయగా అతని లోకము కూలిపోవును. పసిబిడ్డ శవము ముందు కూర్చున్నవాని దుఃఖమునకు హిందువని, ముసల్మానని, క్రైస్తవుడని పేరు పెట్టగలవారెవరు?

మన ఆలంకారికులు దీనికి సాధారణీకరణమని పేరిడిరి. భట్టనాయకుడు చెప్పగా అభినవగుప్తుడు విస్తరించిన యీ మాటకు స్థూలార్థమిది. రంగముపై సీత దుఃఖించుచుండగా ప్రేక్షకుడు ఆమెను జనకుని కూతురుగా, రాముని యిల్లాలుగా మాత్రమే చూడడు. ఆ దుఃఖము సీతకే చెందినదిగా నుండదు. తనకే చెందినదిగాను ఉండదు. మనుష్యమాత్రునకు సాధారణమైనది యగును. అందుచేతనే దానిని చూచుట వలన బాధ కలుగక రసము పుట్టును. పొరుగుమతమువానిని మన చిత్రమునకు రప్పించునది ఈ సాధారణీకరణమే.

భక్తునికి ఇంతమాత్రము చాలదు. అతనికి దర్శనము కావలయును. తెరపై దేవుడు కనబడినపుడు చెప్పులు విడిచి చేతులు జోడించినవారు, కొబ్బరికాయ కొట్టి హారతి యిచ్చినవారు మన దేశమున పెక్కురు. అట్టివానికి చిత్రములోని లోపములు కనబడవు. మఱియొక ప్రక్క అతని పట్టింపులును ఎక్కువయే. పరుడు సహించు చిన్న మార్పును స్వజనుడు సహింపడు. ఇస్లాము మతమున ప్రవక్త రూపమును చూపరాదు. అందుచేత 1976లో ముస్తఫా అక్కాద్ ప్రవక్త కాలపు చరిత్రమును ‘ది మెసేజ్’ అను చిత్రముగా తీసినపుడు ఆయన రూపమును, కంఠస్వరమును తెరపైకి రానీయక కథ నడిపెను. ఇంటివారి నిష్ఠను కాపాడుచు పొరుగువారికి అర్థమగునట్లు చెప్పుటయే భక్తిచిత్రము తీయువానికి గల ప్రధానమైన చిక్కు.

ఈ చిక్కు ఎట్లుండునో దూరదేశమునుండి ఒక యుదాహరణము. అమెరికాలో మార్మనులను నొక క్రైస్తవశాఖ కలదు. అది 1830లో పుట్టినది. యూటా రాష్ట్రములోని సాల్ట్ లేక్ నగరము దాని కేంద్రము. మూగచిత్రముల కాలమున ఇతరులు వారిని ఆడపిల్లలను వంచించి కొనిపోవు దుర్మార్గులుగా చూపిరి. 1911లో డెన్మార్కునను, 1922లో ఇంగ్లండునను అట్టి చిత్రములు వెలువడెను. చాలకాలమునకు, 2000లో, ఆ మతమువాడగు రిచర్డ్ డచర్ తమ యువప్రచారకుల జీవితమును, వారి సందేహములతోడను తడబాటులతోడను, ‘గాడ్స్ ఆర్మీ’ యను చిత్రముగా తీసి థియేటర్లలో ఆడించెను. తమ జీవితమును తెరపై చూచుకొని స్వజనులు సంతోషించిరి. ఆ వెంబడి, తమవారికి మాత్రమే తెలిసిన పరిహాసములతో నిండిన చిత్రములు కొన్ని వచ్చెను. ఇంటిలోని హాస్యము వీథిలోనివానికి తెలియదు గదా! 2003లో వచ్చిన ‘సెయింట్స్ అండ్ సోల్జర్స్’ మఱియొక త్రోవ త్రొక్కెను. అది రెండవ ప్రపంచయుద్ధమున శత్రువుల నడుమ చిక్కిన కొందఱు సైనికుల కథ. అందొకడు మార్మను. కాని అతని మతము పేరు చిత్రమున వినబడదు. అతని నడత మాత్రము కనబడును. తమవాడని ఇంటివారు గుర్తించిరి. మంచివాడని పొరుగువారు గుర్తించిరి.

తెలుగునాట ఈ విషయమునకు ముఖ్యమైన ఉదాహరణము 1978లో వెలువడిన ‘కరుణామయుడు’. దర్శకుడు ఎ. భీంసింగ్. మాటలు వ్రాసినవారు మోదుకూరి జాన్సన్. క్రీస్తు వేషమును ధరించిన విజయచందర్ ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారి మనుమడు. అందలి క్రీస్తు మన నుడికారముతో మాటలాడును. పాటలు మన చెవులకు అలవాటైన బాణీలోనివే. చిత్రమునకు పెట్టిన పేరుసైతము మన స్తోత్రములలో తఱచుగా వినబడు మాటయే. ఆ నటుడే 1986లో షిరిడీ సాయిబాబాగాను, మఱియొక చిత్రమున వేమనగాను కనబడెను. అతనిని క్రీస్తుగా చూచి నమస్కరించిన కన్నులు సాయిబాబాగా చూచుటకును వెనుదీయలేదు. మన ప్రజల హృదయ మెంత విశాలమో దీనివలన తెలియగలదు.

అయినను సత్యమునందు సగము చెప్పి విడువరాదు. ‘కరుణామయుడు’ థియేటర్లతో ఆగలేదు. డేస్ప్రింగ్ ఇంటర్నేషనల్ అను అమెరికాలోని క్రైస్తవ ప్రచారసంస్థ దానిని హిందీలో ‘దయాసాగర్’ అను పేరిటను, ఇతర భారతీయ భాషలలోను సిద్ధపఱచి, ప్రచారకుల బృందములచేత గ్రామగ్రామమున చూపించెను. జమ్మలమడుగు ప్రాంతమున క్రైస్తవము క్రొత్త కాదు. లండను మిషనువారి కాలమునుండియు అది యున్నది. కాంబెల్ ఆసుపత్రిలో మందు పుచ్చుకొననివారు ఆ చుట్టుపట్ల తక్కువ. కాని వైద్యమునకు పోవుట వేఱు, ఊరి నడుమ తెర లేచుట వేఱు. ఇటువంటి ప్రదర్శనములయెడ పెద్దలు కొందఱు కలవరపడుదురు. ప్రచారకులు కొందఱు, ఇందఱు కన్నీరు కార్చిరి, ఇందఱు మనవారైరి అని లెక్క వేయుదురు.

నా తలంపున ఈ యిరువురును చేయు పొరపాటు ఒక్కటియే. ఇరువురును కన్నీటిని మతపరివర్తనముగా భావించుచున్నారు. సిలువపై మేకులు కొట్టునపుడు ఏడ్చిన ముదుసలి మరునాడు తులసికోటకు నీరు పోయుట మానదు. ఆమె యేడ్చినది నిరపరాధికి కలిగిన హింసను చూచి. హరిశ్చంద్రుడు కాటికాపరియైనపుడు ఏడ్చినదియు ఆ కన్నులే. ఆ దుఃఖము ఆమె మనుష్యత్వమునకు గుర్తు. దానిని చూచి భయపడుట ఎంత తప్పో, దానిని పద్దు పుస్తకమున కెక్కించుకొనుటయు అంతే తప్పు.

అట్లయిన పెద్దలు చేయవలసినదేమి? తెర కట్టనీయమని త్రోసిపుచ్చుట పరిష్కారము కాదు. కన్నులు మూసికొని సరే యనుటయు కాదు. మొదట చిత్రమును తాము చూడవలయును. చూచునపుడు ఆ చిత్రము తన దేవుని ఎంత గొప్పగా చూపినదని కాదు, ఇతరమతమువానిని ఏ రీతిగా చూపినదని పరికింపవలయును. పరుని మూఢునిగా, క్రూరునిగా చూపి తన భక్తునికి గొప్పతనము తెచ్చు చిత్రము ఊరికి పనికిరాదు. ఈ కొలత పొరుగువారి చిత్రములకు మాత్రమే కాదు. మన భక్తిచిత్రములలో శైవుడు వైష్ణవునో, వైష్ణవుడు శైవునో, ఇరువురు కలిసి జైనునో అవమానించు ఘట్టము లున్నచో అవియు ఈ కొలతకు లోబడవలసినవే. రెండవది, చిత్రమును, ప్రసంగమును కలిపి చూపదలచినవారు ఆ సంగతిని ముందుగానే చాటవలయును. కథ చూడ వచ్చినవానిని బోధకు కూర్చుండబెట్టుట అతిథిమర్యాద కాదు.

ఇట్టి సమదృష్టి మనకు అరువు తెచ్చుకొనవలసినది కాదు. కందిమల్లాయపల్లెలో జీవసమాధి పొందిన వీరబ్రహ్మేంద్రస్వామివారి ప్రియశిష్యుడు సిద్దయ్య ముస్లిము కుటుంబమున పుట్టినవాడు. ఎన్. టి. రామారావుగారు 1984లో ‘శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర’ను తీసినపుడు స్వామి పాత్రను తాము ధరించి, సిద్దయ్య పాత్రను తమ కుమారుడు బాలకృష్ణచేత ధరింపజేసిరి. ఆ గురుశిష్యుల కథలో ఇంటివాడెవడు, పొరుగువాడెవడు? దేవుని కడపలో ఉగాదినాడు వేంకటేశ్వరుని సేవింప ముస్లిములు వచ్చుటయు, పెద్దదర్గాకు హిందువులు పోవుటయు మన జిల్లాలో నేటికిని జరుగుచున్న సంగతులు. తెర వచ్చుటకు పూర్వమే ఈ రాకపోకలు మనకు కలవు.

నేడు ఒక క్రొత్త చిక్కు వచ్చినది. ఎవరి చిత్రమును వారు చేతిలోని ఫోనులో ఒంటరిగా చూచుకొనుచున్నారు. పొరుగువాడు దేనికి నవ్వునో, దేనికి ఏడ్చునో మనకు తెలియకున్నది. తెలియనిచోట అనుమానము సులువుగా పుట్టును. ఒకే తెర ముందు నలుగురు మతములవారు కూర్చున్ననాడు ఒకని కన్నీరు మఱియొకనికి కనబడెడిది. కావున పండుగకో జాతరకో ఊరివారందఱు కలిసి ‘యోగి వేమన’ వంటి చిత్రము నొకదానిని చూచు ఏర్పాటు చేయుడు. క్రిస్మసునాడు క్రైస్తవసోదరులు తమ చిత్రమును చూపుకొందుమన్నచో, పైని చెప్పిన కొలతకు నిలిచినయెడల, మీరును వెళ్లి ముందువరుసను కూర్చుండుడు. పెద్దలు కూర్చున్న సభలో ఎవరును హద్దు మీరరు.