మన మాటలు – ఇంగ్లీషు మాటలు

తెలుగు మాటను ఇంగ్లీషులోనికి మార్చునపుడు కలుగు చిక్కులను గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. ఇది పండితుల పని, మాకేల యని మీరనుకొనవచ్చును. కాని మన భూముల దస్తావేజులు, న్యాయస్థానములలో మనము చెప్పుకొను వాఙ్మూలములు, దూరదేశములం దున్న మన పిల్లలు నింపి పంపవలసిన కాగితములు, ఇవన్నియు ఈ మార్పునకు లోబడినవే. మాట మారినచో అర్థము మారును. అర్థము మారినచో ఒక్కొక్కప్పుడు హక్కే మారును.

ముందుగా మా యూరి పేరునే తీసికొందము. వాడుకలో వాయల్పాడని పిలువబడు మా వాల్మీకిపురము ఆదికవి పేరు దాల్చినది. ఆ మహర్షి పేరు వల్మీకము నుండి పుట్టినది. వల్మీకమనగా పుట్ట. పుట్టకు ఇంగ్లీషున ‘యాంట్ హిల్’ అని చెప్పుట వాడుక. అనగా చీమల గుట్ట. కాని మన పుట్టలను కట్టునది చీమ గాదు, చెదపురుగు. ఇంగ్లీషువారు చెదలను తెల్లచీమలని పిలిచినందున ఈ పేరు నిలిచినది. నిజమునకు చెదలు చీమలకంటె బొద్దింకలకు దగ్గర చుట్టములని జంతుశాస్త్రము చెప్పుచున్నది. పోనీ, ‘టెర్మైట్ మౌండ్’ అని సవరించితి మనుకొందము. శాస్త్రము సరిపడును. కాని నాగులచవితి నాడు మనము పాలుపోసి మ్రొక్కు పుట్ట అందులో ఎక్కడ? ప్రతి మాటకును వస్తువొకటి, ఆ వస్తువును చుట్టుకొనియున్న ఆచార మొకటి యుండును. వస్తువు సులభముగా భాష దాటును. ఆచారము గట్టుననే నిలిచిపోవును.

చెరువును చూడుడు. మా సీమలో తరతరములుగా సేద్యమునకు చెరువులు, బావులే ఆధారము. చెరువునకు ఈ దేశపు ఇంగ్లీషున ‘ట్యాంకు’ అని పేరు. లండనులోని వాడు ఆ మాట వినినచో ఇనుప తొట్టినో, యుద్ధ శకటమునో తలచుకొనును. ఆ శకటమునకును ఆ పేరు వచ్చుట వింతయే. 1915-16 సంవత్సరములలో బ్రిటనులో దానిని రహస్యముగా తయారుచేయుచు, నీళ్ల తొట్లని చెప్పి గుట్టు దాచిరి. ఆ పేరే నిలిచిపోయినది. ఇక చెరువనగా మనకు నీరు మాత్రమే గాదు. కట్ట, తూము, మరవ, కాలువ, దాని క్రింది పొలము, వంతు ప్రకారము నీరు పంచుకొను కట్టుబాటు, అన్నియు కలిసి చెరువు. ఇంజనీర్లు కొంతకాలమునకు ఈ సంగతి గ్రహించి ‘ఆయకట్టు’ అను మన మాటను ఉన్నదున్నట్లుగనే తమ ఇంగ్లీషు నివేదికలలోనికి తీసికొనిరి. దానికి సరియైన ఇంగ్లీషు మాట వెదకుటకంటె అదియే మేలైనది.

బంధుత్వములలో చిక్కు మరింత పెద్దది. పెదనాన్న, చిన్నాన్న, మేనమామ, మామగారు ఈ నలుగురిలో మొదటి ముగ్గురికిని ఇంగ్లీషున ‘అంకుల్’ అను నొక్కటే పేరు. అన్నయు తమ్ముడును ‘బ్రదరే’. కాని మన యింట పెదనాన్న దాయభాగములో చేరినవాడు, మేనమామ కాడు. మేనమామ కూతురిని పెండ్లాడవచ్చును, పెదనాన్న కూతురు అక్కచెల్లెలే. వంశవృక్షము వ్రాయునపుడు ‘అంకుల్’ అని మాత్రమే వ్రాసి యూరకున్నచో, చదువు అధికారికి ఆస్తి యెవరిదో తెలియదు. ధర్మశాస్త్ర విషయములలో ఇంగ్లీషు న్యాయవాదులు సైతము తమ భాష చాలక, మన దాయాదులను చెప్పుటకు రోమకుల న్యాయశాస్త్రము నుండి ‘ఆగ్నేట్’ అను మాటను అరువు తెచ్చుకొనిరి.

కొన్ని మాటలకు అరువును దొరకదు. ఎంగిలి అట్టిది. కొరికిన పండనియో, మిగిలిన కూడనియో ఇంగ్లీషున చెప్పవచ్చును. కాని ఎంగిలిలోని అంటు ఆ మాటలలో లేదు. అంటు తెలియనివానికి శబరి కథ తెలియదు. ఎంగిలి కూడదను నియమ మున్నందుననే, శబరి ఎంగిలిపండ్లను రాముడు ప్రీతితో ఆరగించెననునపుడు మన కన్నులు చెమ్మగిల్లును. నియమము లేనిచోట ఆ ప్రేమకు కొలత యేది?

ఈ చిక్కుతో ఎక్కువ పోరాడినవాడు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఆయన 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. వాయల్పాడు, మదనపల్లె తాలూకాలు 1911లో చిత్తూరు జిల్లా యేర్పడువరకు ఆ కడపలోనివే. బ్రౌను కడపలో పండితులను చేర్చి, తెలుగు కావ్యములను సేకరించి శోధింపజేసి, 1852 మొదలు 1854 వరకు తన నిఘంటువులను వెలువరించెను. ఒక మాటకు ఒకే ఇంగ్లీషు మాట నిచ్చి ఆయన తృప్తి చెందలేదు. పలు అర్థములను వరుసగా నిచ్చి, కవుల ప్రయోగములను, వాడుకలోని పలుకుబళ్లను ప్రక్కన చేర్చెను. ఇంగ్లీషు భాషయు మన పందికొక్కును ‘బ్యాండికూట్’ చేసికొని, తరువాత ఆస్ట్రేలియాలోని వేరొక జంతువునకు ఆ పేరు పెట్టినది.

మా పొరుగు పట్టణమైన మదనపల్లెలో దీనికి గొప్ప నిదర్శన మున్నది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు అచ్చటి బిసెంటు కళాశాలలో విడిసి, తన జనగణమన గీతమును తానే ఇంగ్లీషు చేసెను. అప్పటి ప్రధానాచార్యుడు ఐర్లండు కవి జేమ్సు కజిన్సు. అధినాయక శబ్దమునకు కవి ‘రూలర్’ అనెను. అనగా పాలకుడు. దేవుడును పాలకుడే, రాజును పాలకుడే. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసులో ఆ పాట మొదట పాడినపుడు అయిదవ జార్జి ఈ దేశపు పర్యటనకు వచ్చియుండుటచేత, అది రాజస్తోత్రమని కొన్ని ఇంగ్లీషు పత్రికలు వ్రాసినవి. ఆ నింద కవిని చాలకాలము వెన్నాడెను. తాను పాడిన నిత్యసారథి ఏ జార్జియు కాజాలడని 1937లో కూడ ఆయన ఉత్తరము వ్రాయవలసివచ్చెను. అధినాయకు డెవరో తేల్చునది ఆ మాట గాదు, పాటలో ముందుకు వచ్చు సారథి శబ్దము. కావున ఒక్క మాటను త్రుంచి అర్థము కట్టరాదు.

పెద్దలారా, దీనినిబట్టి నేను మనవిచేయునది రెండు సంగతులు. మీ కాగితము నెవరైన ఇంగ్లీషు చేయునపుడు మాన్యము, పోరంబోకు, ఆయకట్టు, మేనమామ వంటి మాటలను తొలగింపనీయక, వాటి నట్లే యుంచి ప్రక్కన వివరణము వ్రాయింపుడు. వ్రాసిన పిమ్మట సంతకమునకు ముందు, మొదటి తెలుగును చూడని వేరొకనిచేత దానిని మరల తెలుగున చెప్పించుకొని వినుడు. మీరు చెప్పిన మాటయే తిరిగి వచ్చినచో వ్రాత సరియైనది. వేరొక మాట వచ్చినచో చేవ్రాలు చేయకుడు.