ఇంటి ఖర్చు: దేశదేశాల లెక్క

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యులు మమ్మల్ని తరచు అడిగే మాట ఇది: "అమెరికాలో మావాడికి నెలకు లక్షల్లో ఖర్చట. మాకు వేలల్లోనే గడుస్తోంది. ఈ లెక్క ఏమిటండీ?" కోనసీమ నుండి కువైట్‌కూ అమెరికాకూ వెళ్ళినవారు ఎందరో ఉన్నారు కనుక ఈ సంగతి వివరిస్తున్నాము.

డాలర్లను రూపాయల్లోకి మార్చి పోల్చడం సరికాదు. అక్కడి ధరలు వేరు, ఇక్కడి ధరలు వేరు. మొత్తం ఖర్చును వంద రూపాయలనుకొని, ఏ పద్దుకు ఎంత పోయిందో చూడాలి. 1857లో ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త బెల్జియం కార్మిక కుటుంబాల ఖర్చులు పరిశీలించి, ఆదాయం తగ్గినకొద్దీ తిండికి పోయే వంతు పెరుగుతుందని తేల్చారు. నేటికీ అదే కొలబద్ద.

2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం మన దేశపు పల్లెల్లో మనిషికి నెలకు సగటు ఖర్చు 4,122 రూపాయలు. వందకు 47 తిండికే. 1999-2000లో ఇది 59. అమెరికాలో 2023లో తిండికి 13, ఇంటికి 33, రాకపోకలకు 17. అక్కడ తిండి చౌక అని కాదు, ఆదాయం పెద్దది.

మన 47లో పాలు, పాల పదార్థాల వంతు సుమారు ఎనిమిదిన్నర. పానీయాలు, చిరుతిళ్ళు, బయట వండిన తిండి వంతు దాదాపు పది!

మరొక విషయం. ఇంట వాడుకున్న సొంత పాలకు కూడా సర్వేవారు ధర కట్టి ఇంటి ఖర్చులో చేరుస్తారు. తవుడు, తెలగపిండి, దాణా మాత్రం ఇంటి ఖర్చు కాదు, పాడి ఖర్చు. మన సభ్యులు చాలామంది రెంటినీ కలిపేస్తున్నారు. ఒక లంక గ్రామంలో ఒక సభ్యురాలు, గేదె వల్ల నష్టమే వస్తోందని, అమ్మేస్తానని అన్నారు. చూడగా, దాణా బాకీలో ఇంటి సరుకులు కూడా కలిసి ఉన్నాయి. పిల్లలు తాగిన పాలకు ధర కట్టనే లేదు. పద్దులు విడదీస్తే, పెద్ద లాభం కాకపోయినా నష్టం లేదని తేలింది. గేదెను అమ్మలేదు.

కనుక సభ్యులు ఒక నోటు పుస్తకంలో ఇంటికి ఒక పేజీ, పాడికి ఒక పేజీ కేటాయించాలి. ఇంట వాడిన పాలను పాడి పేజీలో రాబడిగా, ఇంటి పేజీలో ఖర్చుగా వ్రాయాలి. నెలాఖరున వందకు ఏ పద్దు ఎంతో చూసుకోవాలి. బిల్లు పెరగాలని పాలన్నీ సంఘానికే పోసి, పిల్లలకు లేకుండా చేయవద్దని మా మనవి.